మీ విద్యార్థులు కోసి మూల పడేసే గేరు మాకు కావాలి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, తమిళనాడు రాష్ట్రాల సాంకేతిక విద్యా కమిషనర్లకు, పాలిటెక్నిక్ కళాశాలల ప్రిన్సిపాళ్ళకు, మెకానికల్ విభాగాధిపతులకు

తమిళనాడు విరుదునగర్ జిల్లా రాజపాళయంలో బ్యాండేజి పట్టీలు చుట్టి అమ్మే చిన్న యూనిట్ నాది. మా ఇంట్లో మాట తెలుగు, చదువు తమిళం. విజయనగర రాజుల కాలంలో దక్షిణానికి వచ్చి ఇక్కడ నిలిచిపోయిన రాజు కులస్థుల ఊరు మాది. తెలుగు మాట్లాడేవాళ్ళు వీధి వీధినా ఉన్నారు గాని రాసేవాళ్ళు తక్కువ. నేను అక్షరాలు పెద్దయ్యాక కూడబలుక్కున్నవాణ్ణి, తప్పులుంటే మన్నించండి. ఈ ఉత్తరం అందుకోవలసిన మూడు కార్యాలయాల్లో రెండింటికి తెలుగు వస్తుంది. చెన్నైకి తమిళ ప్రతి విడిగా పంపుతున్నాను.

విషయం చిన్నది: అరచేతిలో ఇమిడే ఒక ప్లాస్టిక్ గేరు. అడిగేదీ చిన్నదే: మీ మిషన్ షాపు తలుపు వారానికి ఒక్క మధ్యాహ్నం మాలాంటివాళ్ళకు తెరవండి.

ముందు మా ఊరి సంగతి రెండు మాటల్లో. పి.ఎ.సి. రామస్వామి రాజా 1936లో రాజపాళయం మిల్స్ స్థాపించారు. ఆ తర్వాత నూలు మిల్లులు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఛత్రపట్టి వైపు వెళ్తే మనుషులు కనిపించకముందే మరమగ్గాల చప్పుడు వినిపిస్తుంది. అక్కడ ఎక్కువగా నేసేది చీరలూ పంచెలూ కాదు, గాయాలకు కట్టే గాజు బట్ట, బ్యాండేజి బట్ట. మీకెప్పుడైనా దెబ్బ తగిలి కట్టు కట్టించుకుని ఉంటే, ఆ బట్ట మా వైపు మగ్గం మీద పుట్టిందే కావచ్చు.

గేరు లేనిదే ఈ వ్యాపారం గజం కూడా ముందుకు నడవదు. అంగుళానికి ఎన్ని పేక పోగులు పడాలో తేల్చేది మగ్గం మీది టేక్-అప్ గేర్ల వరస. ఏడు చక్రాల టేక్-అప్ ఉన్న మగ్గంలో స్టాండర్డ్ వీల్‌కు 36 పళ్ళుంటే, చేంజ్ వీల్‌లో ఒక పన్ను అంటే అంగుళానికి ఒక పోగు. ఆసుపత్రి వాళ్ళ ఆర్డరులో అంగుళానికి ఇన్ని పోగులని రాసే ఉంటుంది. పన్ను తేడా వస్తే పోగు తేడా, పోగు తేడా వస్తే సరుకు వాపసు. తమిళంలో గేరును పల్ చక్రం అంటారు. వాళ్ళకు పల్, మనకు పన్ను. రెండు భాషల్లోనూ మా బతుకు ఆ పంటి మీదే ఉంది.

ఇనుప గేరు ఉండగా ప్లాస్టిక్ ఎందుకని అడగవచ్చు. ఇనుము మీద ఇనుము తిరగాలంటే నూనె కావాలి. నూనె ఉన్నచోట చుక్క రాలక మానదు. గాయానికి కట్టే బట్ట మీద నూనె మరక పడితే ఆ చుట్ట చెత్తబుట్టకే. నైలాన్ గేరు మా తేలిక పనికి నూనె అడగదు, పెద్దగా చప్పుడు చేయదు. రోలరులో ఏదైనా ఇరుక్కుంటే తను విరిగి పక్కనున్న ఇనుప గేరును, షాఫ్టును కాపాడుతుంది. అమెరికాలో డ్యూపాంట్ కంపెనీలో వాలెస్ కారథర్స్ బృందం 1935లో నైలాన్‌ను తయారుచేసింది. అది బజారులోకి సరుకుగా మొదట వచ్చింది 1938లో, టూత్‌బ్రష్ కుచ్చుగా. పళ్ళు తోమడానికి వచ్చినది తానే పళ్ళై మా మిషన్లలో తిరుగుతోంది.

ఇక నా కథ.

పట్టీలు చుట్టే పాత మిషన్లు నా దగ్గర రెండున్నాయి. చేతులు మారుతూ వచ్చినవాటిని మా మామయ్య కొన్నారు. తయారుచేసినవారి పేరున్న రేకు ఎప్పుడో ఊడిపోయింది. బట్టను ముందుకు లాగే రోలరును తిప్పేది 43 పళ్ళ నైలాన్ గేరు. దానికి జత 24 పళ్ళ ఇనుప గేరు. 43 అనే అంకె ఊరికే పెట్టింది కాదు. 24కూ 43కూ ఒకటి తప్ప ఉమ్మడి భాజకం లేదు. అందువల్ల ఒక్కో పన్ను ఎదుటి చక్రంలోని ప్రతి పంటితోనూ వంతుల వారీగా కలుస్తుంది. అరుగుదల అన్నిటి మీదా సమానంగా పడుతుంది. మిషన్ గీసిన మనిషి తెలివైనవాడు. ఆ తెలివే ఆ తర్వాత నన్ను ఏడిపించింది.

ఒక ఉదయం మొదటి మిషన్ గేరు రెండు పళ్ళు రాల్చుకుని ఆగింది. రెండో మిషన్ గేరు చూస్తే అదీ పళ్ళ చివరలు అరిగి నేడో రేపో అన్నట్టుంది. ఒక్కో మిషన్‌కు తిరగడానికి ఒకటి, దాచుకోవడానికి ఒకటి, మొత్తం నాలుగు గేర్లు కావాలి. మగ్గం గేరయితే ఇబ్బంది లేదు. నైలాన్‌లో కూడా తయారుగా అమ్ముతారు. కొట్టుకు వెళ్ళి పళ్ళ సంఖ్య చెబితే చాలు. పేరు లేని మిషన్ గేరు ఏ కొట్టులోనూ ఉండదు.

ప్లాస్టిక్ అచ్చు పోసేవారి దగ్గరికి వెళ్ళాను. అచ్చు చేయడానికి లక్షల్లో అవుతుంది, వేల గేర్లు పోయిస్తే గేరు రూపాయల్లో వస్తుంది అన్నారు. నాకు నాలుగు చాలన్నాను. ఆయన నవ్వి టీ తెప్పించాడు. కోయంబత్తూరులో గేర్లు కోసే హాబింగ్ మిషన్ ఉన్నవారికి ఫోన్ చేశాను. యాభై గేర్లయితే రమ్మన్నారు. నాలుగంటే సెట్టింగు కూలీ కూడా రాదన్నారు. వాళ్ళను తప్పుపట్టను. లెక్క వేసి చూడండి. మిషన్ మీద హాబ్ అనే కోత పనిముట్టు బిగించి, గేర్లు మార్చి, మొదటి ముక్క సరిచూసుకోవడానికి రెండు గంటలు, ఆ తర్వాత ఒక్కో గేరు కోయడానికి పది నిమిషాలు పడుతుందని అనుకుందాం. నలభై గేర్లయితే ఒక్కోదానికి పదమూడు నిమిషాలు. నాలుగయితే ఒక్కోదానికి నలభై నిమిషాలు. ఒక్కటే అయితే రెండు గంటల పది నిమిషాలు. చిన్న ఆర్డరులో మనం కొనేది గేరును కాదు, సెట్టింగును. ఇందులో ఎవరి దురాశా లేదు. లెక్కే అలా ఉంది.

చివరికి మా ఊరి లేత్ పట్టరైకే వెళ్ళాను. వర్క్‌షాపును ఇక్కడ పట్టరై అంటాం. ఆ టర్నరు చేతి పనిలో దిట్ట. విరిగిన గేరును వెర్నియర్‌తో కొలిచాడు. బయటి వ్యాసం 56.8 మిల్లీమీటర్లు వచ్చింది.

గేరు లెక్క మీకు తెలిసిందే. చదివే ఇతరుల కోసం చెబుతున్నాను. బయటి వ్యాసాన్ని పళ్ళ సంఖ్యకు రెండు కలిపిన మొత్తంతో భాగిస్తే మాడ్యూల్ వస్తుంది. పంటి సైజుకు కొలమానం అదే. 56.8ని 45తో భాగిస్తే 1.262. అలాంటి మాడ్యూల్ ఏ కేటలాగులోనూ లేదు. దగ్గరలో ఉన్నవి రెండు. ఒకటి మెట్రిక్ 1.25 మాడ్యూల్, దాని ప్రకారం వ్యాసం 56.25 ఉండాలి. రెండోది అంగుళాల లెక్క, 20 డి.పి. (డయామెట్రల్ పిచ్); దాన్ని మాడ్యూల్‌లోకి మారిస్తే 1.27, వ్యాసం 57.15. మా 56.8 రెండింటికీ నడుమ నిలబడి నవ్వింది.

టర్నరు కాసేపు ఆలోచించి, "అన్నా, నైలాన్ తేమ తాగి ఉబ్బుతుంది. అసలు ఇది 56.25. ఉబ్బి ఇంతయింది" అన్నాడు. మాట సబబుగానే ఉంది. నైలాన్ 6ను నీళ్ళలో నానబెడితే తన బరువులో దాదాపు తొమ్మిది శాతం నీరు పీలుస్తుంది. గాలిలోని తేమకు కూడా రెండు మూడు శాతం తాగుతుంది, ఆ మేరకు సాగుతుంది. పోగు తెగకుండా ఉండడానికి నూలు మిల్లుల్లో గాలి తేమను 55, 60 శాతం దగ్గర కావాలనే నిలుపుతారు. నేత విభాగాల్లో ఇంకా ఎక్కువ. నూలుకు మేలు చేసే తేమ నైలాన్ గేరును లావు చేస్తుంది. పళ్ళ మధ్య కాస్త ప్లే వదలకుండా కోస్తే వానాకాలంలో బిగుసుకుపోతుంది. అతని తర్కంలో తప్పు లేదు. మా గేరు విషయంలో జరిగింది మాత్రం వేరు. అది 57.15 గేరే; పళ్ళ చివరలు అరిగి తగ్గింది. ఉబ్బి పెరిగిందా, అరిగి తగ్గిందా అన్నది ఒక్క వెర్నియర్ కొలతతో తేలదు.

1.25లోనే కోశాడు. తిప్పి చూస్తే కాస్త వదులుగా అనిపించినా తిరిగింది. పంటికీ పంటికీ మధ్య దూరం ఉండవలసినదానికన్నా 0.06 మిల్లీమీటరు తక్కువ. మనిషి జుట్టు మందమంత తేడా. ఆ తేడా ప్రతి పంటి దగ్గరా గుద్దుకుంటూ వచ్చింది. మిషన్ మూలిగింది. పదకొండో రోజున పళ్ళు రాలాయి. పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయయితేనేం అని మా నాయనమ్మ అనేది. నేను డబ్బిచ్చి మరీ రాయి చేయించుకున్నాను.

కోత దగ్గరా ఒక చిక్కు వచ్చింది. అది పట్టరై వాళ్ళందరికీ అనుభవమే. మిల్లింగ్ మిషన్ మీద గేరు కోయాలంటే డివైడింగ్ హెడ్ మీద ముక్కను పంటి పంటికీ సమానంగా తిప్పాలి. హ్యాండిల్ నలభై చుట్లు తిప్పితే ముక్క ఒక చుట్టు తిరుగుతుంది. 40 పళ్ళయితే పంటికి ఒక చుట్టు; చిన్నపిల్లలు కూడా తిప్పగలరు. 43 పళ్ళయితే చుట్టులో 43 వంతుల్లో 40 వంతులు తిప్పాలి. దానికి 43 రంధ్రాల వరస ఉన్న ప్లేటు కావాలి. మామూలుగా వచ్చే మూడు ప్లేట్లలో అది మూడోదాని మీద ఉంటుంది. మా టర్నరు దగ్గర మూడో ప్లేటు లేదు. ఎవరో అడిగి తీసుకెళ్ళి తిరిగి ఇవ్వలేదు. పక్క ఊరి నుంచి అరువు తెచ్చి కోశాడు. ఆ శ్రమంతా తప్పు సైజు మీద ధారపోశాడు.

ఇక కట్టర్లు. మిల్లింగ్‌లో ఒక్కో మాడ్యూల్‌కు ఎనిమిది కట్టర్లుంటాయి. 12 పళ్ళ గేరు పంటి వంపూ, 130 పళ్ళ గేరు పంటి వంపూ ఒకటి కావు గనుక ఒక్కో కట్టరుకు ఒక్కో హద్దు. మా 43 పళ్ళు 35 నుంచి 54 దాకా ఉన్న కట్టరు కిందికి వస్తాయి. ఊళ్ళోకి వచ్చే పాత మిషన్లన్నిటికీ సరిపోవాలంటే మెట్రిక్‌లో ఆరు మాడ్యూళ్ళు, అంగుళాల్లో నాలుగు సైజులయినా ఉంచుకోవాలి. అంటే ఎనభై కట్టర్లు. నెలకు ఒకటి రెండు గేర్లు కోసే పట్టరై ఎనభై కట్టర్లు కొని పెట్టుకుంటుందా? హాబింగ్ అయితే సైజుకు ఒక హాబ్ చాలు, ఎన్ని పళ్ళయినా అదే కోస్తుంది. జర్మనీలో హెర్మన్ ఫౌటర్ 1897లోనే హాబింగ్ మిషన్‌కు పేటెంటు తెచ్చుకున్నాడు. ఎనభై కట్టర్ల చోట పది హాబ్‌లు సరిపోతాయి. అయితే ఆ మిషన్ కొనే స్తోమత పట్టరైకి లేదు.

అంటే మాకు కొరవ పడినవి మూడు: సరిగా కొలిచే చెయ్యి, అందరికీ పనికొచ్చే కట్టర్ల పెట్టె, సెట్టింగు సమయాన్ని కూలీ కింద లెక్కగట్టని చోటు.

ఈ మూడూ మీ దగ్గర ఉన్నాయి.

మెకానికల్ డిప్లొమా లాబ్‌లో మిల్లింగ్ మిషన్ మీద స్పర్ గేరు కోయడం అనాదిగా వస్తున్న అభ్యాసం. పిల్లలు ముక్క బిగిస్తారు, డివైడింగ్ హెడ్ తిప్పుతారు, గేరు కోస్తారు, రికార్డు రాస్తారు, మార్కులు తీసుకుంటారు. ఆ గేరు ఏ షాఫ్టు మీదా ఎక్కదు. దానికి జత గేరు ఎక్కడా లేదు. పరీక్షల తర్వాత అది స్క్రాపు డబ్బాలో పడుతుంది. మా రాజపాళయంలోనే పి.ఎ.సి. రామస్వామి రాజా పాలిటెక్నిక్ 1963 నుంచి ఉంది. మూడు రాష్ట్రాల్లో ఇలాంటి కళాశాలలు ఎన్నో ఉన్నాయి. ఏటా ఇన్ని మిషన్ షాపుల్లో పిల్లలు కోసే గేర్లలో కొన్నయినా నిజంగా తిరిగే గేర్లు కాకూడదా?

పెద్ద సంస్థలు లేవా అంటారు. ఉన్నాయి. హైదరాబాదు బాలానగర్‌లో కేంద్రీయ టూల్ డిజైన్ సంస్థ 1968లో మొదలైంది. ప్లాస్టిక్ ఇంజినీరింగ్ కోసం సిపెట్ చెన్నై గిండీలో అదే 1968లో మొదలైంది. ఒకటి పనిముట్లకు, ఒకటి ప్లాస్టిక్‌కు. దేశానికి ఎంతోమంది పనివాళ్ళను ఇచ్చిన సంస్థలు అవి. వేల గేర్లకు అచ్చు గీయాలంటే నేనూ అక్కడికే వెళ్తాను. నాలుగు గేర్ల కోసం రాజపాళయం నుంచి బాలానగర్ వెళ్ళేవాడు ఉండడు. కేంద్రం క్లస్టర్ పథకం కింద ఉమ్మడి సౌకర్య కేంద్రాలకు డబ్బు ఇస్తుంది. దానికి సంఘం కావాలి, స్థలం కావాలి, ప్రాజెక్టు రిపోర్టు కావాలి, మా వాటా డబ్బు కావాలి. అదంతా అయ్యేలోగా నా మిషన్ తుక్కు కింద పోతుంది.

మరమ్మతు హక్కు గురించి కూడా ఈమధ్య వింటున్నాం. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో దానిమీద కమిటీ వేసింది, డిసెంబరులో పోర్టల్ తెరిచింది. మొదట ఎంచుకున్న రంగాలు నాలుగు: వ్యవసాయ యంత్రాలు, మొబైళ్ళు ట్యాబ్లెట్లు, గృహోపకరణాలు, వాహనాలు. మంచిదే. పట్టీలు చుట్టే మిషన్ ఆ నాలుగింటిలో దేనిలోకీ రాదు. వచ్చినా, రేకు ఊడిన మిషన్‌కు విడిభాగం ఎవరిని అడగాలి?

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. కోరికలు నాలుగు.

ఒకటి, వారానికి ఒక మధ్యాహ్నం గేరు పూట పెట్టండి. ఊళ్ళో ఎవరైనా విరిగిన గేరూ, దాని జత గేరూ, రెండు షాఫ్టుల మధ్య దూరం రాసిన చీటీ పట్టుకుని రావచ్చు. పిల్లలు కొలుస్తారు, లెక్క వేస్తారు. కోయకపోయినా సరే, ఇది ఫలానా సైజు అని సంతకం పెట్టిన కాగితం ఇస్తే అదే సగం గేరు. కాగితం ఉంటే పట్టరైవాడు తప్పు కోయడు.

రెండు, పది గేర్ల లోపు ఆర్డరు అయితే, అది లాబ్ అభ్యాసానికి సరిపోతే, పిల్లల చేత కోయించండి. మెటీరియల్ మేము తెస్తాం. కట్టరు అరుగుదలకు మీరు చెప్పిన రుసుము కడతాం. బోరు, కీవే, ఫిట్టింగు మా టర్నరు చూసుకుంటాడు. అతని పని పోదు, పెరుగుతుంది.

మూడు, కట్టర్లనూ ఇండెక్స్ ప్లేట్లనూ గ్రంథాలయంలో పుస్తకాల్లా అరువు ఇవ్వండి. డిపాజిట్ కడతాం, సంతకం పెడతాం. మూడో ప్లేటు ఎవరి దగ్గరుందో రిజిస్టరులో ఉంటుంది.

నాలుగు, కోసిన ప్రతి గేరుకూ ఒక పేజీ రాసి ఉంచండి: పళ్ళు ఎన్ని, మాడ్యూలా డి.పి.నా, ప్రెషర్ యాంగిల్ ఎంత, బోరు ఎంత, ఏ మెటీరియల్, ఏ మిషన్‌లోది, ఎన్నాళ్ళు తిరిగింది. పదేళ్ళు రాస్తే అది ఊరి గేర్ల పుస్తకం అవుతుంది. తర్వాత వచ్చేవాడు కొలవనక్కరలేదు, పేజీ తిప్పితే చాలు.

మీకు వచ్చే అనుమానాలు ఊహించగలను. పిల్లలు కోసిన గేరు విరిగితే బాధ్యత ఎవరిదంటారు. మాదే. రాసి ఇస్తాం. మనిషి ప్రాణం ఆధారపడే చోట, లిఫ్టులో, బ్రేకులో, బరువులెత్తే యంత్రంలో తిరిగే గేరు తీసుకోవద్దు, మేమూ తేము. మిషన్లు పాడవుతాయంటారు. నైలాన్ గాని, డెల్రిన్ అనే మరో ప్లాస్టిక్ గాని కోస్తే కట్టరు ఇనుము మీద అరిగినంత అరగదు. పదునైన కట్టరు ఉంటే చాలు. వేడెక్కకుండా, గట్టిగా బిగించి ముక్కను నొక్కేయకుండా కోయాలని, అంచున మిగిలే పీచు తీసేయాలని నేర్పితే చాలు. మామూలు పోత ఇనుప ముక్క మీద పిల్లలకు రాని పాఠాలు ఇవి.

త్రీడీ ప్రింటర్లు వచ్చాయి కదా అనేవాళ్ళూ ఉన్నారు. మీ కళాశాలల్లో కొన్నింటిలో అవి ఉన్నాయి కూడా. వాడండి. గేరు కోసేముందు అదే సైజు ఒకటి ప్రింటు తీసి జత గేరుతో కలిపి చూస్తే 1.25కూ 1.27కూ తేడా కోత కోయకుండానే తెలిసిపోతుంది. నాకు ఆ అవకాశం ఉంటే పదకొండు రోజుల గేరు పుట్టేదే కాదు. పొర మీద పొరగా పోసిన పన్ను రోజంతా బరువు మోస్తే మాత్రం పొరల దగ్గరే విడిపోయే భయం ఉంది. సరిచూడడానికి ప్రింటు, తిరగడానికి కోత.

పిల్లలకు దొరికేది ఇంకా పెద్దది. తెల్ల కడ్డీ రెండు ముక్కలు చేతిలో పెట్టి ఏది నైలాన్, ఏది డెల్రిన్ అని అడగండి. ఒకే సైజు ముక్కలు తూచి చూస్తే డెల్రిన్ దాదాపు పావు వంతు బరువెక్కువ. డెల్రిన్ తేమ అంతగా తాగదు, నీళ్ళలో నానినా ఒక శాతం దగ్గరే ఆగుతుంది. కొలత కదలకూడని చోట అది మేలు. దెబ్బలు తినే చోట నైలాన్ మేలు. ఈ ఎంపిక పరీక్ష పేపరులో నాలుగు మార్కుల ప్రశ్న. ఎదురుగా పని ఆగిన మనిషి కూర్చుని ఉంటే అదే ప్రశ్న మరిచిపోలేని పాఠం.

ఇది రాజపాళయం ఒక్కదాని గొడవ కాదు. సిరిసిల్లలో మరమగ్గాలున్నాయి, నగరిలో ఉన్నాయి. మాకు పక్కనున్న శివకాశిలో వీధి వీధినా అచ్చు యంత్రాలున్నాయి. బెజవాడ ఆటోనగర్‌లో ఒక్క ముక్కయినా చేసిపెట్టే చేతులున్నాయి. ఆ చేతులకు కొలత కాగితం కావాలి. పాత మిషన్ మీద బతికే ప్రతి ఊళ్ళోనూ ఏదో ఒక అలమారలో విరిగిన గేరు ఒకటి గుడ్డలో చుట్టి ఉంటుంది. పారేయలేక, చేయించలేక.

నా గేరు చివరికి ఎలా దొరికిందో చెప్పి ముగిస్తాను. ఒక పాలిటెక్నిక్ మిషన్ షాపులో పనిచేసే ఇన్‌స్ట్రక్టరు ఒకాయన దయదలిచాడు. ఆయన విరిగిన నైలాన్ గేరును పక్కన పెట్టేశాడు. జత ఇనుప గేరు తెమ్మన్నాడు, ఇనుము ఉబ్బదు గనుక. వెర్నియర్ దవడల మధ్య రెండు పళ్ళు పట్టి కొలిచాడు, మూడు పళ్ళు పట్టి కొలిచాడు, మొదటిదాన్ని రెండోదానిలోంచి తీసేశాడు. 3.86 మిల్లీమీటర్లు. పట్టికలో చూసి, "20 డి.పి., ప్రెషర్ యాంగిల్ పద్నాలుగున్నర డిగ్రీలు. పాత అంగుళాల మిషన్ మీది" అన్నాడు. అయిదు నిమిషాల పని. చుట్టూ నిలబడ్డ ఆరుగురు పిల్లల్లో ఒకమ్మాయి తనూ కొలిచి అదే అంకె చెప్పింది. మూడో ప్లేటు ఆ షాపు గోడకే వేలాడుతోంది. సెలవురోజున నాలుగు గేర్లూ డెల్రిన్‌లో కోశారు. డబ్బు తీసుకోలేదు.

ఆయన పేరూ కళాశాల పేరూ రాయను. రాస్తే ఆయనకు మెమో వస్తుందేమోనని భయం. మంచి పని చేసిన మాస్టారు పేరు చెప్పడానికి భయపడవలసిన పరిస్థితిని మీరు ఒక్క సర్క్యులరుతో మార్చగలరు. ఆయన చాటుగా చేసినదాన్ని టైమ్‌టేబుల్లోకి ఎక్కించండి. కొత్త భవనం వద్దు, కొత్త మిషన్ వద్దు, కొత్త పథకానికి పేరు కూడా వద్దు.

ఆ నాలుగు గేర్లలో రెండు ఇప్పుడు నా మిషన్లలో తిరుగుతున్నాయి. మిగతా రెండూ డబ్బాలో ఉన్నాయి. డబ్బా మూత లోపల ఒక కాగితం అంటించాను: 43 పళ్ళు, 20 డి.పి., పద్నాలుగున్నర డిగ్రీలు, బయటి వ్యాసం రెండుంబావు అంగుళాలు, డెల్రిన్. ఇలాంటి మిషన్ ఉన్నవారు ఎవరైనా వచ్చి ఆ కాగితం నకలు తీసుకోవచ్చు. మా ఊరి గేర్ల పుస్తకంలో అది మొదటి పేజీ. రెండో పేజీ మీ షాపులో రాయించండి.

ఇట్లు,
రాజపాళయం నుంచి
ఒక చిన్న బ్యాండేజి యూనిట్ యజమాని